మంచము ప్రక్కని మనిషి

రోగిని కనిపెట్టుకొని యుండువారిని కొనియాడుట మనకు అలవాటే. వారి పనిలో పాలుపంచుకొనుట మాత్రము ఇంకను అలవాటు కాలేదు. ఇంటివారైనను సరే, జీతమునకు వచ్చినవారైనను సరే, పరిచర్య చేయువారికి కావలసినది స్తోత్రము కాదు. వారికి వంతు కావలెను, శిక్షణ కావలెను, విశ్రాంతి కావలెను, న్యాయమైన వేతనము కావలెను.

ముంబయి నగరమునందలి కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రిలో, నాలుగవ వార్డునకు ఆనుకొనియున్న ఒక చిన్న గదిలో, అరుణా శాన్‌బాగ్ అను నర్సు ఇంచుమించు 42 సంవత్సరములు మంచముపై గడిపినది. 1973 నవంబరు 27న, తాను ఉద్యోగము చేయుచున్న ఆ ఆసుపత్రిలోనే, ఒక వార్డు పనివాడు జరిపిన పాశవికమైన దాడిలో, మెడకు కుక్కగొలుసు బిగిసి, మెదడునకు ప్రాణవాయువు అందక, పాతికేండ్ల ఆ యువతి మాటయు, చూపును, తెలివియు కోల్పోయి, 2015 మే 18న న్యుమోనియాతో కన్నుమూయువరకు అన్యుల చేతులమీదనే జీవింపవలసి వచ్చినది.

ఆ దీర్ఘకాలములో ఆమెకు అన్నము తినిపించినవారు, ఒళ్లు తుడిచినవారు, బట్టలు మార్చినవారు రక్తబంధువులు కారు. ఆ ఆసుపత్రి నర్సులు. ఆమెతో కలిసి పనిచేసినవారు ఒక్కరొక్కరుగా పదవీవిరమణ చేసి వెళ్లిపోగా, ఆ దుర్ఘటన జరిగిన నాటికి ఇంకను పుట్టని పిల్లలు పెరిగి పెద్దవారై, నర్సులై వచ్చి, ఆ గది బాధ్యతను భుజములకెత్తుకొన్నారు. 1980ల దశకమున నగరపాలక సంస్థ ఆమెను అక్కడినుండి తరలింపబూనినప్పుడు నర్సులే ఆందోళనకు దిగి ఆ యత్నమును మాన్పించినారు. ఆమెకు ప్రశాంతమైన మరణమును ప్రసాదింపుమని కోరిన వ్యాజ్యముపై 2011 మార్చి 7న తీర్పు చెప్పుచు సుప్రీంకోర్టు, ఆమె పక్షమున మాటాడదగినవారు ఆ ఆసుపత్రి సిబ్బందియే యని నిర్ణయించి, అన్నేండ్లు మంచము పట్టియున్నను ఆమె మేనిపై ఒక్క పడకపుండైనను లేకపోవుటను ప్రత్యేకముగా పేర్కొని, నర్సుల సేవను మనసార ప్రశంసించినది.

దేశమంతయు వారిని దేవతలని కొనియాడినది. ఆ మాటను కాదనుటకు ఎవరికిని నోరు రాదు. అయినను ఆ మహాకార్యము ఎట్లు సాధ్యమైనదని ఒక్కింత నిదానించి విచారింపవలసియున్నది. ఆ నర్సులలో ఎవరును ఆ గదిలో ఒంటరిగా 42 ఏండ్లు కూర్చుండలేదు. డ్యూటీ ముగియగానే ఒకరు ఇంటికి పోయి నిద్రించిరి; మరియొకరు వచ్చిరి. మనిషిని నొప్పి తెలియకుండ ఎత్తుట, తిప్పుట, మింగలేని గొంతునకు ఆహారమందించుట వారు చదువుకొని నేర్చిన విద్యలు. ఎత్తవలసినపుడు సాయముపట్టుటకు రెండవ మనిషి యుండెను; నెల తిరుగగానే జీతము, జ్వరము వచ్చినపుడు సెలవు ఉండెను. వారి హృదయమున ప్రేమ యుండెననుటకు సందేహము లేదు. కాని ఆ ప్రేమ ఎండిపోకుండ కాపాడినది, దానికి తోడుగా నిలిచిన వంతుల ఏర్పాటు. ఈ ఒక్క సంగతిని మన యిండ్లలోనికి తెచ్చుకొనలేకపోవుటయే, తెలుగునాట మంచము ప్రక్కన కూర్చున్న లక్షలాది మనుష్యుల దుఃఖమునకు మూలమని నా విశ్వాసము.

రెండు గంటలకొక పర్యాయము

పక్షవాతము వచ్చి మంచాన పడిన మనిషిని చూచుకొనుట యననేమో, పరామర్శకు వచ్చి పది నిమిషములు కుర్చీలో కూర్చుండి, బత్తాయిల సంచి బల్లపై పెట్టి వెళ్లువారికి తెలియదు. తనంతట తాను ఒత్తిగిల్లలేని దేహమును రెండు గంటలకొక పర్యాయము ప్రక్క మార్చవలెను. నడుము క్రింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనుక భాగము, అనగా ఎముక చర్మమునకు దగ్గరగా నుండు ప్రతిచోటును, పరుపు ఒత్తిడికి రక్తప్రసారము తగ్గి, మొదట ఎఱ్ఱబారును. ఆ ఎఱుపును వ్రేలితో అదిమి విడిచినపుడు తెల్లబడక అట్లే నిలిచినచో పుండునకు ఆరంభమైనదని తెలిసికొనవలెను. అప్పటికిని ఏమరినచో చర్మము చిట్లి, కండ కరగి, ఎముక కనబడునంత గోతి పడుటకు ఎంతో కాలము పట్టదు. మానుటకు మాత్రము నెలలు పట్టును.

ప్రక్క మార్చుటకు బలముకంటె నేర్పు ముఖ్యము. చేయి పట్టి లాగినచో భుజము జారవచ్చును. దుప్పటిపై ఈడ్చినచో చర్మము ఒరసికొనిపోవును. నడుము క్రింద అడ్డముగా మడతపెట్టిన గుడ్డను పఱచి, దానిని ఇరువైపుల ఇద్దరు పట్టుకొని, తమ నడుము వంపక మోకాళ్లు వంచి, ఒక్క మాటగా ఎత్తి తిప్పి, వీపు వెనుక ఒక దిండును, మోకాళ్ల నడుమ ఒక దిండును అమర్చవలెను. ఒక్కరే యున్న యింట ఈ పనియు ఒక్కరే చేయుదురు. కనుకనే రోగి లేచి తిరుగుటకు ముందే రోగిని ఎత్తినవారి నడుము పట్టుకొనిపోవుట మనము తరచుగా చూచుచున్నాము.

ఆహారము సంగతియు ఇట్టిదే. పడుకోబెట్టి నోట పోసిన గంజి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. అందువలన తలవైపు ఎత్తుగా నుంచి, చెంచాడు చెంచాడుగా, మింగినది లేనిది చూచుకొనుచు తినిపించి, తరువాత అరగంటయైనను దించకుండవలెను. ముక్కుగొట్టము వేసినచో ప్రతి పూటకును ముందు వెనుక నీటితో దానిని కడుగవలెను. మూత్రపు సంచి మంచముకంటె దిగువనే వ్రేలాడవలెను. ఇవి యన్నియు పగటి పనులు కావు. రాత్రికిని ఇవే పనులు. రెండు గంటల లెక్కన ఇరువదినాలుగు గంటలకు పండ్రెండు పర్యాయములు లేవవలసిన మనిషికి నిద్ర యెక్కడిది?

ఆ లేచు మనిషి ఎవరన్న ప్రశ్నకు ప్రభుత్వపు లెక్కలే సమాధానము చెప్పుచున్నవి. 2019లో జాతీయ గణాంక కార్యాలయము జరిపిన కాలవినియోగ సర్వేను బట్టి, పిల్లలకు, వృద్ధులకు, రోగులకు జీతము లేని సంరక్షణ చేయు స్త్రీలు రోజునకు సగటున 134 నిమిషములును, పురుషులు 76 నిమిషములును వెచ్చించుచున్నారు. అసలు ఆ పనికి పూనుకొనువారిలోనే స్త్రీల పాలు పురుషుల పాలునకు ఇంచుమించు రెట్టింపు. ప్రపంచమంతటను ఇదే తీరు. ఇంటిచాకిరి, సంరక్షణ కలిసి, వేతనము లేని శ్రమలో నూటికి 76 పాళ్లు స్త్రీలే మోయుచున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వెల్లడించినది. సగటు లెక్కలలో మంచాన పడిన మనిషి యున్న యిల్లును, లేని యిల్లును కలిసిపోవును. రోగి యున్న యింటి కోడలికి ఈ నిమిషములు గంటలగును, గంటలు రాత్రింబవళ్లగును.

చెప్పుకొనరాని మాటలు

మన కుటుంబములలో పరిచర్యను గూర్చిన భావము ఏకరూపమైనది కాదు. "కన్న ఋణం తీర్చుకుంటున్నాను" అని నిండు మనస్సుతో చేయువారు కలరు. "నా రాత ఇలా ఉంది" అని నిట్టూర్చుచు చేయువారు కలరు. "నువ్వు కాక ఎవరు చేస్తారమ్మా" అను పదిమంది మాటకు కట్టుబడి చేయువారు అందరికంటె ఎక్కువ. భార్య మంచాన పడినపుడు ఆమె తల దువ్వి జడ వేయుట, చీర కుచ్చిళ్లు సర్దుట డెబ్బదియవ యేట నేర్చుకొన్న భర్తలును కలరు. అట్టి భర్తకు లోకము చేతులెత్తి మ్రొక్కును; అదే పని ముప్పదియేండ్లుగా చేయుచున్న భార్యను చూచి, అది సహజధర్మమని ఊరకుండును. మానసిక వైకల్యముతో పుట్టిన బిడ్డను నలువదియేండ్లు సాకిన తల్లిదండ్రులకు తమ అలసటకంటె పెద్ద చింత వేరొకటి కలదు: "మా తర్వాత వీణ్ని ఎవరు చూస్తారు?" ఆ ప్రశ్నకు సమాధానము దొరకకయే వారు వృద్ధులగుచున్నారు.

ఈ భావములన్నిటి అడుగున, ఎవరితోను పంచుకొనలేని ఒక భావము కలదు. ఎంత ప్రేమించిన మనిషిమీదనైనను, మూడవ రాత్రియు నిద్ర లేనపుడు, ఇప్పుడే మార్చిన పక్కబట్ట మరల తడిసినపుడు, కోపము వచ్చును. ఆ కోపము వచ్చిన మరుక్షణముననే, నేనింత పాపిష్ఠిదాననా యను సిగ్గు దానిని వెన్నంటి వచ్చును. "ఇంకెన్నాళ్లు" అను తలపు మెదలినంతనే, తాను మరణమును కోరుకొంటినను భయము పట్టుకొనును. 1980లో స్టీవెన్ జారిట్ అను అమెరికా దేశపు మనశ్శాస్త్రవేత్తయు, ఆయన సహచరులును పరిచారకుల మానసికభారమును కొలుచుటకు ఒక ప్రశ్నావళిని రూపొందించినారు. నేడు ప్రపంచమంతట వాడుకలోనున్న రూపమున దానియందు 22 ప్రశ్నలు కలవు. ఆ మనిషి దగ్గర నున్నపుడు కోపము వచ్చునా యని అడుగు ప్రశ్నయు, ఇంకను ఎక్కువ చేయవలసియుండెనని అనిపించునా యని అడుగు ప్రశ్నయు రెండును అందులో కలవు. కోపమును, చేయవలసినంత చేయలేదను బాధయు ఒకే గుండెలో కాపురముండునని ఎఱిగినవారు వ్రాసిన ప్రశ్నలవి.

ఈ బాధ ఎంతటివారినైనను విడువదనుటకు మహాత్ముని జీవితమే తార్కాణము. 1885లో, పదునారేండ్ల వయస్సున, వ్యాధిగ్రస్తుడైన తండ్రికి పుండు కట్టు కట్టుట, మందులిచ్చుట, ప్రతి రాత్రియు పాదములొత్తుట గాంధీ విధిగా చేసెను. తుదిరాత్రి పినతండ్రి వచ్చి, ఇక నేను చూచెదను, నీవు పొమ్మనగా ఆయన సంతోషముతో భార్య యున్న గదికి వెళ్లెను. కొద్ది నిమిషములకే తలుపు తట్టి తండ్రి పోయెనని చెప్పిరి. ఆ క్షణమున తాను చెంత లేకపోవుటను చెరగని మచ్చగా ఆయన తన ఆత్మకథయందు వ్రాసికొనెను. నెలల తరబడి చేసిన సేవ ఆయన లెక్కలోనికి రాలేదు. చేయలేకపోయిన కొన్ని నిమిషములు మాత్రము జీవితాంతము నిలిచినవి. మన యిండ్లలో, "ఆ పూట నేను మందుల షాపుకు వెళ్లకుండా ఉంటే..." అని ఏండ్ల తరబడి కుమిలిపోవు కొడుకులును, కూతుండ్రును ఇదే వేదనకు వారసులు. వారితో మనము చెప్పవలసిన మాట ఒక్కటి కలదు: వంతు ముగిసి విశ్రమించుట విడిచిపెట్టి పోవుట కాదు.

అన్నము పెట్టలేదను నింద

దేహము బాగుండి మనస్సు మసకబారిన వృద్ధులను చూచుకొనుట మరియొక విధమైన పరీక్ష. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో 7.4 శాతము, అనగా 88 లక్షలమంది, డిమెన్షియాతో జీవించుచున్నారని 2023లో ప్రచురితమైన అంచనా తెలుపుచున్నది. మన యిండ్లలో ఆ వ్యాధికి ఆ పేరు పెట్టరు; చాదస్తమందురు, పెద్దతనమందురు, కొందఱు మొండితనమనియు అందురు. పేరు తెలియకపోవుటచేత వ్యాధి చేయు పనులన్నియు మనిషి చేసిన తప్పులుగా కనబడును.

నేనెరిగిన రాజమహేంద్రవరపు ఒక యింట, ఎనుబదియేండ్లు దాటిన ఒక పెద్దావిడ, భోజనము చేసి చేయి కడుగుకొన్న పావుగంటకే, పరామర్శకు వచ్చిన చుట్టముల యెదుట, "పొద్దుటినుంచీ నా కడుపులో మెతుకు పడలేదమ్మా, వీళ్లు నాకు అన్నం పెట్టడం లేదు" అని కంట తడిపెట్టుకొనుచుండెను. కోడలు ప్రాణము చివుక్కుమని, "అదేమిటత్తయ్యగారూ, ఇప్పుడేగా తిన్నారు! మామిడికాయ పప్పు మారు వేయించుకున్నారు కూడాను" అని సాక్ష్యములు చూపసాగినది. సాక్ష్యము పెరిగినకొలది పెద్దావిడ రోదనము పెరిగినది. అప్పుడు, అమలాపురము ప్రాంతమునుండి జీతమునకు వచ్చిన పరిచారిక దగ్గరకు వచ్చి, "ఆకలేస్తోందా మామ్మగారూ? అన్నం ఉడుకుతోందండి. ఈలోగా ఈ జాజులు కాస్త మాల కట్టిపెడతారేంటండి, సాయంత్రం దీపానికి కావాలి" అని పూలబుట్టయు, తడిపిన అరటినారయు ఒడిలో పెట్టినది. తిన్న అన్నము మరచిన ఆ పెద్దావిడ వ్రేళ్లు నారకు ముడి వేయుట మరువలేదు. రెండు పూలిటు, రెండు పూలటు ఎదురెదురుగా పేర్చి, మెలిపెట్టి బిగించుచు, మూర పూర్తియగునప్పటికి ఆమె ఆకలి మాట మరచినది, నింద మాటయు మరచినది.

కోడలికి ప్రేమ లేదని కాదు. అత్తగారికి ఏ కూరయందు ఎంత కారము పడవలెనో ఎఱిగిన మనిషి ఆమె. ఆ నింద ఆమె పాతికేండ్ల జీవితముమీద పడినది గనుక గాయపరచినది. పరిచారికకు అది రోగలక్షణముగా మాత్రమే కనబడినది గనుక గాయపరచలేదు. ఇంటివారి దగ్గరితనము ఎంత విలువైనదో, వృత్తిగా స్వీకరించినవారి ఎడమును అంత విలువైనది. ఇవి యొకదానికొకటి పోటీ కావు. ఆ మరునాటినుండి కోడలు వాదించుట మానినది. అత్తగారికి ఇష్టమైన పనులు ఏవో, పాటలు ఏవో పరిచారిక కోడలిని అడిగి తెలిసికొన్నది. ఒకరి జ్ఞాపకమును, మరియొకరి నేర్పును కలిసినపుడే ఆ పెద్దావిడకు పూర్తియైన సంరక్షణ లభించినది.

జీతమునకు వచ్చిన చేతులు

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో నేడు ఏజెన్సీల ద్వారా యిండ్లకు వచ్చు పరిచారికల సంఖ్య నానాటికి పెరుగుచున్నది. పిల్లలు అమెరికాలోనో, బెంగుళూరులోనో ఉండగా, తల్లిదండ్రుల చివరి రోజులకు చేదోడుగా నిలుచుచున్నవారు వీరే. రిజిస్టరైన నర్సు వేరు, ఇంటి సహాయకురాలు వేరు. నర్సింగు విద్యకు ప్రమాణములు నిర్ణయించుటకు 1947లోనే చట్టము చేసి భారత నర్సింగు మండలిని ఏర్పరచుకొన్నాము. కాని యిండ్లకు వచ్చు సహాయకురాలికి చాలచోట్ల అనుభవమే చదువు, రోగి మంచమే బడి. ఆమెను "సిస్టర్" అని పిలిచి, ఇంజెక్షను వేయుమని అడుగు కుటుంబములు కలవు. అది ఆమెకును క్షేమము కాదు, రోగికిని క్షేమము కాదు.

12 గంటల డ్యూటీ, 24 గంటల డ్యూటీ యను మాటలు ఈ వృత్తిలో నిత్యము వినబడును. 24 గంటల డ్యూటీలోనున్న మనిషి ఎప్పుడు నిద్రించునని అడుగువారు తక్కువ. మంచము ప్రక్కన నేలమీద పఱచుకొన్న చాపయే ఆమె గది. రోగి మూలిగినపుడెల్ల ఆమెకు తెల్లవారినట్లే. "మా ఇంటి మనిషిలాగే చూసుకుంటాం" అని తెచ్చుకొని, ఆ చనువుతోనే అంట్లును, బట్టలును, పిల్లవాని బడిసంచియు ఆమెకప్పగించుట చాలయిండ్లలో జరుగుచున్నది. కంచము మాత్రము వేరు, గ్లాసు వేరు. ఉంగరము కనబడనపుడు మొదటి చూపు ఆమె సంచిమీదికే పోవును. ఆమె జీతములో ఏజెన్సీ భాగము పోగా మిగిలినది ఎంతయో కుటుంబమునకు తెలియదు. కుటుంబము చెల్లించినది ఎంతయో ఆమెకు తెలియదు. ఇతరుల తల్లికి ఆమె అన్నము తినిపించుచున్న వేళ, ఆమె బిడ్డకు ఊరిలో ఆమె తల్లి అన్నము తినిపించుచుండును.

అన్నిటికంటె మనము గుర్తింపని దుఃఖము మరియొకటి కలదు. నెలల తరబడి తన చేతులతో కడిగి, తుడిచి, బుజ్జగించి చూచుకొన్న మనిషి ఒక తెల్లవారుజామున కన్నుమూయగానే, బంధువులు వచ్చి చుట్టును కూర్చుందురు. ఆమె సంచి సర్దుకొని లెక్క చూచుకొని వెళ్లిపోవలెను. ఆ పగలే మరియొక యింట మరియొక మంచము. ఏడ్చుటకు ఆమెకు చుట్టరికము లేదు, సెలవు లేదు. ఆ యింటి పెద్దలు కర్మనాడు ఆమెను పిలిచి, భోజనము పెట్టి, చీర పెట్టి పంపుట కొన్ని కుటుంబములలో నేను చూచితిని; అది దయ కాదు, ఆమెకు చెందవలసిన గౌరవము.

గోదావరి జిల్లాలనుండియు, కడప ప్రాంతమునుండియు కువైట్, ఒమాన్ దేశములకు ఇంటిపనులకై వెళ్లు స్త్రీలకు అక్కడ వృద్ధుల సంరక్షణయు ఆ పనిలో భాగమే యగుచుండును. వలస అనుమతి అవసరమైన ఆ దేశములకు 30 ఏండ్లలోపు స్త్రీలు ఇట్టి పనులకు పోరాదను నియమము కలదు. ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఆంధ్రప్రదేశ్ లిమిటెడ్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లవలెనను నియమమును కలదు. ఇండ్లలో పనిచేయువారి హక్కులకై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడిక, వారమునకు ఎడతెగని 24 గంటల విశ్రాంతిని హక్కుగా చెప్పుచున్నది. భారతదేశము ఆ ఒడంబడికను ఇంకను ధ్రువీకరింపలేదు. పరాయి దేశమున మన ఆడపడుచులకు ఆ హక్కు కావలెనని కోరుకొను మనము, మన యింట పనిచేయు ఆడపడుచునకు ముందుగా దానిని ఇచ్చి చూపవలెను.

ఇరువురిని కలిపిన త్రోవలు

ఇంటివారిని, వృత్తివారిని ఒక్కచోట చేర్చి చూచిన అనుభవము మన దేశమునకు క్రొత్త కాదు. 1950ల దశకమున అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్, రోగుల కుటుంబములను వైద్యశాల ఆవరణలోనే గుడారములలో నివసింపజేసి, చికిత్సలో వారిని భాగస్వాములను చేసెను. చిత్తూరు, నెల్లూరు జిల్లాల ప్రజలు తరతరములుగా వైద్యమునకై వెళ్లు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలయందు, 1957లో నెలకొన్న మానసిక ఆరోగ్య కేంద్రము కూడ రోగితోపాటు కుటుంబమునకును చోటిచ్చినది. అంతవరకు గోడలవెనుక దాగియున్న రోగి, ఇంటికి తిరిగిపోవునప్పటికి, అతనిని చూచుకొనుట నేర్చిన మనుష్యులను వెంటబెట్టుకొని పోయెను.

1993లో కోళికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలగువారు నెలకొల్పిన సంస్థ, క్యాన్సరు నొప్పితో బాధపడువారికి ఉపశమన చికిత్స నందించుటతో ఆరంభమై, ఊరూర స్వచ్ఛంద సేవకులను తయారుచేసి, నర్సును రోగి గుమ్మములోనికి పంపు ఉద్యమముగా విస్తరిల్లినది. 2008లో కేరళ ప్రభుత్వము దానినొక విధానముగా ప్రకటించినది. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రీ పాలత్ ప్రభృతులు అట్టి చికిత్సకు పునాది వేసిరి. తెలంగాణ జిల్లాలలో 'ఆలన' పేరిట వాహనములు మంచాన పడినవారి యిండ్లకు పోవుచున్నవి. ఇంటికి వచ్చిన నర్సు పుండు కడిగి కట్టు కట్టుటతో తన పని ముగిసినదనుకొనదు. కట్టు కట్టుట ఇంటివారికి నేర్పును, వారు నిద్రించుచున్నారా యని అడుగును. ఆ ఒక్క ప్రశ్న వినగానే ఏడ్చివేసిన భార్యలను గూర్చి ఈ రంగములోనివారు చెప్పుచుందురు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పరిచారకుని నిర్వచించుచు, తల్లిదండ్రులు మొదలుకొని కుటుంబసభ్యులందరిని చేర్చి, వేతనము పొందినను పొందకున్నను సంరక్షణ చేయువారందరు పరిచారకులే యని పలికినది. అధికమైన ఆసరా అవసరమైన వారికి పరిచారక భత్యమీయవలెననియు అందులో కలదు. కేరళలో 'ఆశ్వాసకిరణం' పథకము క్రింద మంచాన పడినవారిని చూచుకొనువారికి నెలకు 600 రూపాయలు నిర్ణయించినారు. మొత్తము స్వల్పమే యైనను, అది రోగి పేరిట కాక పరిచారకుని పేరిట ఇచ్చుట గమనింపదగినది. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతముతో మంచమునకు, చక్రముల కుర్చీకి పరిమితమైనవారికి 2024నుండి నెలకు 15,000 రూపాయల పింఛను లభించుచున్నది. ఎన్నో పేదయిండ్లలో ఆ సొమ్ము మందులకును, డయాపర్లకును ఆధారమైనది. ఆ డయాపరు మార్చు చేతులకు మాత్రము ఇంకను లెక్క కట్టలేదు. జపాన్ దేశము 2000లో దీర్ఘకాల సంరక్షణ బీమాను ప్రవేశపెట్టి, 40 ఏండ్లు దాటినవారందరిచేత చందా కట్టించి, వృద్ధులకు పగటి సంరక్షణ, ఇంటికి సహాయకుల రాక, కుటుంబమునకు విశ్రాంతి దొరకునట్లు కొద్దిరోజుల వసతి ఏర్పరచినది. ముదుసలి తల్లిదండ్రుల భారము కోడలి సొంతసమస్య కాదు, సమాజపు ఖర్చు అని ఒప్పుకొనుటయే దాని సారము.

మనము చేయవలసినది

ప్రభుత్వము చేయవలసినవి చేయునంతవరకు కుటుంబములు వేచియుండనక్కరలేదు. మొదటిది, ఆసుపత్రినుండి ఇంటికి పంపునప్పుడే, మందుల చీటీతోపాటు, ప్రక్క మార్చుట, తినిపించుట, ఎత్తుట చేసి చూపించి, మనచేత చేయించి, తప్పులు దిద్ది పంపవలెనని నర్సులను అడుగవలెను. అడుగుట మన హక్కు; నేర్పుట వారికిని తృప్తి. నేర్చుకొనుటకు కోడలు ఒక్కతెయే కాదు, కొడుకును, అల్లుడును, కాలేజీకి పోవు మనుమడును నిలువవలెను. దక్షిణాఫ్రికాలో దినమునకు గంటయో రెండు గంటలో చిన్న ధర్మాసుపత్రిలో పనిచేసి, పుస్తకము చదివి నేర్చి, తన చివరి బిడ్డ పురుడు తానే పోసిన గాంధీ, మగవాని చేతికి ఈ విద్య పట్టుబడదను మాటకు చోటు లేకుండ చేసెను.

రెండవది, వంతులను నోటిమాటగా వదలక కాగితముమీద వ్రాసికొనవలెను. ఎవరు ఏ రాత్రి మేలుకొందురు, ఏ ఆదివారము ఎవరు వచ్చి ఇంటి మనిషిని బయటికి పంపుదురు, దూరదేశముననున్న కొడుకు సంవత్సరమునకు ఎన్ని వారములు సెలవు పెట్టి వచ్చి మంచము ప్రక్కన కూర్చుండును, మిగిలిన నెలలలో ఎవరి జీతము అతడు భరించును అన్నవి తేలవలెను. వీడియోలో అమ్మ ముఖము చూచి "జాగ్రత్తగా చూసుకో వదినా" అనుట వంతు కాదు. వదిన వారమునకొక రోజు తన పుట్టింటికి పోవుటకో, గుడికి పోవుటకో, తలుపు వేసికొని నిద్రించుటకో వీలు కల్పించుట వంతు.

మూడవది, జీతమునకు వచ్చిన మనిషితో తొలిరోజుననే పని ఏదో, గంటలెన్నో, నిద్ర యెప్పుడో, సెలవు ఏ రోజో స్పష్టముగా మాటాడుకొనవలెను. ఆమెకొక పడక, ఒక అర, మన కంచముతో సమానమైన కంచము కావలెను. ఆమె సెలవు రోజున ఇంటివారు ఆమె పనిగంటలన్నియు తామే చేసి చూచినచో, ఆమెకిచ్చుచున్న జీతము ఎక్కువో తక్కువో ఎవరును చెప్పనక్కరలేకుండ తెలియును.

నాలుగవది, పరామర్శకు పోవువారి ధర్మము. రోగి ఎట్లున్నాడని అడిగిన తరువాత, చూచుకొనువారు ఎట్లున్నారని అడుగవలెను. అడిగి ఊరకుండక, "ఈ రెండు గంటలు నేనుంటాను, నువ్వు వెళ్లి పడుకో" అనవలెను. ఆ మాట చెప్పుటకు వైద్యము తెలియనక్కరలేదు, ధనమక్కరలేదు.

పరిచర్య పుణ్యకార్యమని మనవారు తరతరములుగా చెప్పుచు వచ్చిరి. అది నిజమే. అయితే ఒక్కరిచేత అంతయు చేయించి, ఆ పుణ్యమంతయు వారిదేనని దీవించి తప్పుకొనుట ధర్మము కాదు. ఏండ్ల తరబడి మోయవలసిన బరువునకు ఒక్క భుజము చాలదని, పలు చేతులు మారినచో ఒక మనిషిని నాలుగు దశాబ్దములు గౌరవముగా బ్రతికించుకొనవచ్చునని ఆ ముంబయి నర్సులు మనకు ఋజువు చేసి చూపినారు. తెలుగు కుటుంబము వారినుండి నేర్చుకొనవలసినది త్యాగము కాదు. త్యాగము మన యిండ్లలోని ఆడవారికి మొదటినుండియు వచ్చును. నేర్చుకొనవలసినది వంతు వేసికొనుట, తన వంతునకు తప్పక వచ్చుట.